ఆ ఆట చివర దీపం ఆరిందా?

ఆ ఆట చివర ఏమవుతుందో నాకు మొదట చెప్పినవాడు మా అన్నయ్య. చెప్పినదంతా అబద్ధమని తర్వాత తెలిసింది.

ఎనభైల నడిమి రోజులవి. నేను నరసరావుపేటలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. స్టేషనుకు పోయే దారిలో రేడియోలు, టేప్‌రికార్డర్లు, కరెంటు మోటార్లు బాగుచేసే షాపు ఒకటుండేది. దాని యజమానిని ఊరంతా రేడియో సాయిబు అనేవాళ్ళు. నాకు మాత్రం ఆయన మామయ్య. ఆయన కూతురూ నేనూ ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. ఆ ఏడాది వానాకాలం చివర్లో ఆయన మద్రాసు వెళ్ళి, అక్కడెవరో వాడి వదిలేసిన వీడియో గేమ్ మిషన్ ఒకటి కొన్నాడు. లారీవాడు దాన్ని చిలకలూరిపేటలో హైవే పక్కన దించేసి పోతే, పత్తి దింపి ఖాళీగా వస్తున్న ట్రాక్టర్‌లో ఎక్కించి, మీద బొంతలు కప్పి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చుకున్నాడు.

అది నిలువెత్తు చెక్క బీరువాలా ఉండేది. ముందు గాజు తెర, దాని కింద ఓడను నడిపే కర్ర, పక్కన రెండు గుండీలు. పైన పేరు ఉండాల్సిన చోట రంగు గీక్కుపోయింది. అందుకని అందరూ దాన్ని రాకెట్ ఆట అన్నారు. ఆటలో కథ చిన్నదే. ఎక్కడో చుక్కల అవతల జరిగిన యుద్ధంలో ఒక మనిషి ఒంటరిగా మిగిలిపోతాడు. ఓడ ఎక్కి ఇంటికి బయలుదేరతాడు. దారిలో తొమ్మిది గ్రహాలు, ఒక్కోచోట ఒక్కో గండం. ఒకచోట రాళ్ళవాన, ఒకచోట నిప్పులు కక్కే గబ్బిలాలు, ఒకచోట ఏమీ కనపడని చీకటి. తొమ్మిదీ దాటితే ఇల్లు.

సాయంత్రం అయ్యేసరికి షాపులో కాలు పెట్టే సందు ఉండేది కాదు. కాలేజీ కుర్రాళ్ళు, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, లారీ డ్రైవర్లు. ఆడపిల్లలం ఆ వైపు తల తిప్పకుండా నడవాలి. లోపల్నుంచి టుయ్ టుయ్‌మని కాల్పుల చప్పుడు, వెనకనే కేకలు. నేను పుస్తకాలు గుండెకు ఆనించుకుని, నడక తగ్గించి, ఆ చప్పుడు ఎంత దూరం వినపడితే అంత దూరం వింటూ వెళ్ళేదాన్ని.

అన్నయ్య అప్పుడు డిగ్రీలో చేరాడు. రోజూ అక్కడికే పోయేవాడు. అన్నం దగ్గర నాకు ఒక్కో గ్రహం గురించి చెప్పేవాడు. కంచంలో మెతుకులతో గ్రహాలు పెట్టి, వేలితో ఓడ నడిపేవాడు. “చివరికి ఏమయిద్దిరా?” అని అడిగాను ఒకరోజు. “ఇల్లు చేరతాడు. ఊరు ఊరంతా ఎదురొస్తారు. బాణాసంచా కాలుస్తారు. తెరంతా రంగులే” అన్నాడు. నేను నమ్మాను. జువాలజీ క్లాసులో మేడమ్ వానపాము గురించి చెబుతుంటే నాకు ఆ రంగులే కనపడేవి.

ఒక ఆదివారం సాయంత్రం వాడు ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. చెప్పులు ఒకటి గుమ్మంలో, ఒకటి అరుగు మీద పడ్డాయి.

“ఏందిరా, ఎవరితోనన్నా పోట్లాడావా?” అంది అమ్మ.

“ఏం లేదు. ఆ ఆటంతా మోసం” అన్నాడు.

చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో పనిచేసే ఒక ఫిట్టరు ఆదివారాలు బస్సెక్కి ఈ ఆట కోసమే వచ్చేవాడట. ఆ రోజు మొదటిసారిగా ఆయన తొమ్మిది గ్రహాలూ దాటాడు. చుట్టూ జనం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఓడ ఒక నల్లని నేల మీద దిగింది. అందులోంచి గోరంత మనిషి దిగాడు. దూరంగా ఒక ఇల్లు, దానికి ఒక కిటికీ, కిటికీలో దీపం. మనిషి నడుస్తున్నాడు. జనం ఈలలు వేశారు. అతను గుమ్మం దగ్గరికి చేరేసరికి దీపం లేదు. తెర మీద మూడు ముక్కలు ఇంగ్లీషులో వచ్చాయి. యు కమ్ హోమ్. నో ఒన్ వెయిట్. గో ఎగైన్. అంతే. అతను వెనక్కి తిరిగి ఓడెక్కాడు. మళ్ళీ మొదటి గ్రహం, మళ్ళీ రాళ్ళవాన, ఈసారి ఇంకా జోరుగా.

“మరి బాణాసంచా?” అన్నాను.

అన్నయ్య నావైపు చూడలేదు. “నేను ఆరో గ్రహమే దాటలేదు. ఊరికే చెప్పా.”

ఆ ఫిట్టరు చేతులు ప్యాంటుకు తుడుచుకుని “అంతేనా?” అని ఒక్కమాట అన్నాడట. తర్వాత ఆయన మళ్ళీ ఆ షాపుకు రాలేదు.

ఆ వారమంతా ఊళ్ళో కుర్రాళ్ళకు ఇదే గొడవ. మద్రాసు వాళ్ళు చెడిపోయిన మిషన్ అంటగట్టారని కొందరు, సాయిబే లోపల ఏదో కెలికి పాడుచేశాడని కొందరు. ఒకడు కోపంతో కర్రను లాగి వంచాడు కూడా. మామయ్య మిషన్ వెనక తలుపు తీసి, లోపలి బోర్డు అందరికీ చూపించాడట. “చూసుకోండి. ఒక్క తీగ తెగలా. మిషన్‌లో తప్పేం లేదబ్బాయ్, కథే అంత” అన్నాడట.

కథే అంత అయితే దాని అర్థమేమిటి? ఇంటామె విసుగొచ్చి పుట్టింటికి పోయిందని ఒకడు. యుద్ధంలో ఊరంతా చచ్చారు, వీడొక్కడే మిగిలాడని ఇంకొకడు. గురజాల నుంచి సున్నపురాయి తోలే ఒక లారీ డ్రైవరు మాత్రం పగలబడి నవ్వాడట. “ఇందులో తెలీకపోవడానికేముంది? ఇంట్లో వాళ్ళు నిద్రపోయారు. నేను ఇంటికి పోయిన ప్రతిసారీ అట్టాగే ఉంటది. తలుపు కొట్టాల. వీడు కొట్టకుండా ఎనక్కి తిరిగాడు, ఎర్రిబాగులోడు” అన్నాడట. అన్నయ్య ఇవన్నీ మోసుకొచ్చి చెబుతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. చూడని బొమ్మ గురించి అంత బెంగ ఎందుకో నాకే తెలియదు. ఆ గోరంత మనిషి గుమ్మం దగ్గర ఆగిపోయి నిలబడటం మాత్రం చూసినంత స్పష్టంగా కనపడేది.

నేను ఆ మాటల్ని కాగితం మీద రాసుకుని, ఎక్కడివో చెప్పకుండా, మా ఇంగ్లీషు మేడమ్‌ని అడిగాను. ఆమె కళ్ళజోడు సవరించుకుని చూసింది. “నో ఒన్ వెయిట్ ఏమిటమ్మా, ఇది తప్పు. ఎవరూ ఎదురుచూడటం లేదనా? ఎవరూ ఎదురుచూడలేదనా? ఎవరూ ఆగొద్దనా? క్రియ ఏ కాలంలో ఉందో తెలియకుండా అర్థమెట్లా చెప్పేది?” అని, ఎర్ర ఇంకుతో కింద గీత గీసి ఇచ్చేసింది.

బెంచీలో నా పక్కనున్న మామయ్య కూతురు అది చూసింది. క్లాసయ్యాక నన్ను సైకిల్ స్టాండు వెనక్కి లాక్కెళ్ళింది.

“ఆళ్ళనీ ఈళ్ళనీ అడుగుతావెందుకే? చూడాలని ఉందా లేదా?”

“ఉంది. ఎట్టా?”

“శుక్రవారం మధ్యాహ్నం రా. రికార్డు రాసుకోవాలని చెప్పు ఇంట్లో.”

వాళ్ళ ఇల్లు షాపుకు వెనక ఉండేది. రెంటికీ మధ్య ఒక తలుపు, తలుపుకు పూలగుడ్డ తెర. శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా నమాజుకు మామయ్య షట్టరు దించేసి మసీదుకు వెళ్ళేవాడు. గంటసేపు షాపులో ఎవరూ ఉండరు. అత్త లోపలి గదిలో నమాజు చేసుకుని, కాసేపు నడుం వాల్చేది. ఆ గంట మాకు దొరికింది.

మొదటి శుక్రవారం నేను తెర దాటి లోపలికి అడుగుపెట్టాను. షట్టరు సందుల్లోంచి ఎండ చారలు చారలుగా నాపరాళ్ళ మీద పడుతోంది. తీగలు అతికించే టంకం కాలిన వాసన, బీడీల వాసన, మగవాళ్ళ చెమట వాసన. ఎన్ని రోజుల నుంచో బయటినుంచి విన్న గది అది. తను మోకాళ్ళ మీద కూర్చుని, మిషన్ ముందున్న చిన్న తలుపు తీసి, లోపల నాణెం తగిలే మీటను వేలితో నొక్కింది. తెర నల్లబడి, చుక్కలు వచ్చాయి.

ఆ నలుపు నేను అంతవరకు చూడలేదు. మా ఊరి ఆకాశంలో ఎక్కడో ఒకచోట పొగో, దుమ్మో ఉంటుంది. ఇందులో ఏమీ లేదు. చుక్కలు నెమ్మదిగా కిందికి జారుతుంటే మనమే పైకి పోతున్నట్టుంటుంది. ఏదో బరువు దిగినట్టయింది నాకు. ఆ సుఖం నాలుగు క్షణాలే. రాయి తగిలి ఓడ పేలిపోయింది.

తనకు ఆట తొందరగా పట్టుబడింది. వాళ్ళ నాన్నకు మోటార్ల చుట్లు చుట్టిపెట్టేది తనే. సన్నని రాగితీగను తెగకుండా, వదులవకుండా వందల చుట్లు లెక్క తప్పకుండా చుట్టాలి. ఆ వేళ్ళకు ఓపికెక్కువ. నావి అట్టాంటివి కావు. కర్ర నా చేతిలో ఉంటే ఓడ గోడలకు కొట్టుకునేది. రెండో శుక్రవారం తను ఉపాయం చెప్పింది.

“నేను తోలతా. నువ్వు కాల్చు.”

అట్లా ఇద్దరం ఒక్క మనిషిమయ్యాం. తను ఎడమవైపు, నేను కుడివైపు, భుజానికి భుజం ఆనించి నిలబడేవాళ్ళం. మొదట్లో “కాల్చవే! ఇప్పుడే!” అని గుసగుసగా అరిచేది. తర్వాత తర్వాత చెప్పాల్సిన పని లేకపోయింది. తను ఎటు తిప్పబోతోందో భుజం కదలికను బట్టి నాకు తెలిసేది. దానికి బదులుగా తన జువాలజీ రికార్డులో బొమ్మలన్నీ నేనే వేసిచ్చాను. కప్ప గుండె, బొద్దింక నోరు, అన్నీ.

ఒక శుక్రవారం మేము నాలుగో గ్రహం మీద ఉండగా వెనక గుమ్మం తెర కదిలింది. మామయ్య. టోపీ మరిచిపోయి సగం దారి నుంచి వెనక్కి వచ్చాడు. కర్ర వదిలేసి తను గోడకు అతుక్కుపోయింది. ఓడ దానంతటదే పోయి రాయిని గుద్దుకుంది.

ఆయన గోడ మేకుకు తగిలించిన టోపీ తీసి పెట్టుకున్నాడు. మిషన్ వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూశాడు.

“ఎంత దాకా వచ్చారు?”

“నాలుగు, అబ్బా” అంది తను తండ్రితో, నేలను చూస్తూ.

“వీధిలోకి వినపడతాంది. ఎవడన్నా వింటే మీ ఇద్దరికీ మాటొస్తది.” చిన్న తలుపు తీసి, లోపల ఒక నల్లని గుండీ చూపించాడు. “సౌండు ఇక్కడ తగ్గించుకోవాల. పోయేటప్పుడు మళ్ళీ పెంచి పొండి. నేను చూళ్ళేదు, మీరు ఆడలేదు.” వెళ్తూ వెళ్తూ నాతో, “అమ్మా, చదువు మాత్రం మానబాకండి” అన్నాడు.

ఆ రోజు నుంచి మేము చప్పుడు లేకుండా ఆడాం. గ్రహాలు మౌనంగా పగిలేవి.

చలికాలం పోయింది. మిరపకాయలు ఎండబోసే రోజులు వచ్చి, ఊరంతా ఘాటు వాసన. తుమ్మొస్తే వీధిలోకి వినపడుతుందని కొంగు ముక్కులో కుక్కుకుని ఆడేవాళ్ళం. ఏడో గ్రహం దాకా వచ్చాం. ఎనిమిదో దాని మీద కరెంటు పోయింది. ఆ రోజు తను తెర మీద అరచేయి పెట్టి, చల్లారిపోయే దాకా తీయలేదు.

ఆ నెలలోనే తనకు సంబంధం కుదిరింది. అబ్బాయిది మాచర్ల. అక్కడ పొలాల మోటార్లు బాగుచేసే షాపు ఉంది. మంచివాళ్ళన్నారు. పరీక్షలయ్యాక, రంజాన్ పోయిన తర్వాత పెళ్ళి. తను ఈ సంగతి నాకు కాలేజీలో చెప్పలేదు. శుక్రవారం, మూడో గ్రహం దాటుతూ, తెర మీంచి చూపు తిప్పకుండా చెప్పింది. నేను గుండీ నొక్కడం మరిచిపోయాను.

“ఏందే, కాల్చవేం?”

“నీకిష్టమేనా?”

“ఇష్టమో కాదో యాడ తెలిసిద్ది? చూడాలగా.” “ఈలోగా దీని చివర చూడాల. అది మాత్రం నాకు కావాల” అంది.

పరీక్షలు రాశాం. ఎండలు ముదిరాయి. రంజాన్ మొదలైంది. మసీదులో జనం ఎక్కువ కాబట్టి ఆ నెలలో మామయ్య ఇంకా ముందే వెళ్ళేవాడు, ఆలస్యంగా వచ్చేవాడు. తను ఉపవాసం. పెదాలు ఎండిపోయి పొలుసులు లేచేవి. తన ముందు నేను నీళ్ళు తాగలేకపోయేదాన్ని. “నువ్వు తాగితే నా రోజా పోదులేవే, తాగు” అనేది. నేను తాగేదాన్ని కాదు. ఆ నెల రెండో శుక్రవారం, షట్టరు ముట్టుకుంటే కాలే ఎండలో, మేము తొమ్మిదో గ్రహం దాటాం.

ఆ గ్రహానికి కాపలా ఉన్న పాము ముక్కలైనప్పుడు మేమిద్దరం కదల్లేదు. నిజంగానే ఓడ నల్లని నేల మీద దిగింది. గోరంత మనిషి దిగాడు. అన్నయ్య చెప్పని సంగతి ఒకటుంది. ఆ మనిషి కొంచెం కుంటుతున్నాడు. ఒక కాలు ఈడుస్తూ నడుస్తున్నాడు. అది చూడగానే నాకు ఏడుపొచ్చింది.

“సౌండు పెంచవే, పాట వినాల” అంది తను.

చివర ఏదో పాట వస్తుందని అందరూ అనేవాళ్ళు. ఆ పాట సన్నాయిలా ఉంటుందని కొందరు, ఏడుపులా ఉంటుందని కొందరు. నల్లని గుండీ నా మోకాలి పక్కనే ఉంది. చెయ్యి చాపితే చాలు. వీధిలో ఎవరో నడుస్తున్న చెప్పుల చప్పుడు వినపడింది. నాకు భయమేసింది. “వద్దే” అన్నాను. ఆ పాట ఏ రకందో నేను ఇప్పటికీ వినలేదు.

మనిషి ఇంటి దగ్గరికి చేరాడు. అక్షరాలు వచ్చాయి. ఓడ లేచింది. తను కర్ర ముట్టుకోలేదు. నేను గుండీ నొక్కలేదు. రాళ్ళవానలో ఓడ పేలిపోయింది.

“దీపం ఆరిపోయింది” అన్నాను.

తను నావైపు వింతగా చూసింది. “ఆరలేదుగా?”

“ఆరిందే. గుమ్మం దగ్గరికి పోగానే ఆరింది.”

“ఆరలా. అతను దానికి అడ్డంగా నిలబడ్డాడు. అతని వీపు కిటికీకి అడ్డమొచ్చింది. దీపం ఎనకనే ఉంది. పక్కన ఒక గీత వెలుగు కనపళ్ళా నీకు?”

నాకు కనపడలేదు. ఒకే తెర ముందు, భుజానికి భుజం ఆనించి నిలబడి, ఇద్దరం రెండు చూశాం. మొదట నవ్వులాటగానే మొదలైంది. తర్వాత కాదు. “అందరూ ఆరిందన్నారు” అన్నాను. “అందరూ అన్నారని నువ్వూ అదే చూశావు. నీ కళ్ళతో నువ్వెప్పుడు చూశావు?” అంది. నాకు రోషమొచ్చింది. “నీకు పెళ్ళి కుదిరింది గదా, అందుకని దీపాలు కనపడతన్నయ్” అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలియదు. తను సౌండు పెంచి, చిన్న తలుపు మూసి, గుమ్మం తెర తీసి పట్టుకుంది, నేను వెళ్ళడానికి.

మళ్ళీ శుక్రవారం నేను వెళ్ళలేదు. ఆ పై శుక్రవారమూ వెళ్ళలేదు. తనే పిలవాలని నేను, నేనే రావాలని తను. ఆ మూడో వారంలో అన్నయ్య అన్నం తింటూ మామూలుగా చెప్పాడు. “సాయిబు రాకెట్ ఆట అమ్మేశాడు. తిరనాళ్ళలో రంగులరాట్నాలు పెట్టేవాళ్ళు కొనుక్కుపోయారు. ఆ చివర చూశాక దాన్ని ఎవరూ ఆడట్లేదుగా.”

నేను చెయ్యి కడుక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ళింటికి పరుగెత్తాను. షాపులో మిషన్ ఉన్నచోట నాపరాయి మీద నాలుగు తెల్లని మచ్చలు మిగిలాయి. తను వెనక వాకిట్లో కూర్చుని తీగ చుడుతోంది. నన్ను చూసి తలెత్తింది. లెక్క తప్పిపోతుందని చెయ్యి ఆపలేదు. నేను పక్కన కూర్చున్నాను. చుట్లన్నీ అయిపోయిన తర్వాత, “నువ్వు వస్తావని అబ్బాను రెండు రోజులు ఆపమన్నా” అంది.

పెళ్ళికి అమ్మా నేనూ వెళ్ళాం. ఆడవాళ్ళ గదిలో తను ఎర్రబట్టల్లో తల వంచుకుని కూర్చుంది. చేతులనిండా గోరింటాకు, వేళ్ళ చివర్ల రాగితీగ కోసిన గీతలు అందులో కలిసిపోయాయి. నేను పక్కకు జరిగి కూర్చుంటే, తల ఎత్తకుండానే నా చెవిలో అంది.

“నువ్వన్నదే నిజంలేవే. దీపం ఆరింది. నేనే సరిగ్గా చూళ్ళా.”

“కాదు. నువ్వన్నట్టే ఎనకమాల ఎలుగుతానే ఉంది. నేను తర్వాత బాగా గుర్తుతెచ్చుకున్నా” అన్నాను.

తను తల పైకెత్తి నన్ను చూసింది. మళ్ళీ ఒకరి మాట ఒకరం ఒప్పుకోలేదన్నమాట. నవ్వు ఆపుకోలేక తను ముసుగు ముఖం మీదికి లాక్కుంది. పక్కనున్న ముసలామె, “పెళ్ళికూతురు ఏడుస్తాంది, నీళ్ళియ్యండి” అంది.

మర్నాడు పొద్దున వాళ్ళు మాచర్ల రైలెక్కారు. నేను స్టేషనుకు వెళ్ళాను. చాలామంది ఉన్నారు. కిటికీ దగ్గర తను ఎవరెవరితోనో మాట్లాడుతుంటే, రైలు కదిలే దాకా నాకు వంతు రాలేదు.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. గుండ్రని తెలుగు అక్షరాలు, నా రికార్డులో కంటే బాగుంటాయి తనవి. అత్తగారింట్లో కరెంటు పోతే రాత్రంతా రాదని, కృష్ణ నీళ్ళు బాగుంటాయని రాసింది. తర్వాత ఇలా ఉంది. “ఆ ఆట గురించి మళ్ళీ ఆలోచించా. అది అతని ఇల్లు కాదే. చానా దూరం నుంచి వచ్చాడు గదా, దారి తప్పి వేరేవాళ్ళ ఇంటి ముందు దిగాడు. కుంటుకుంటా ఎవడో వస్తన్నాడని వాళ్ళు భయపడి దీపం తగ్గించారు. పోపో, ఇంకా ముందుకు పో, నీ ఇల్లు ఇంకోచోట ఉందని చెప్పారు. మేడమ్‌కి చెప్పు, ఇప్పుడు అర్థం కుదిరిద్ది.”

చివర్లో ఒక్క వాక్యం. “ఇక్కడ నాకు ఎవరూ రికార్డు బొమ్మలు వెయ్యరు.”

ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. కొత్త ఇంట్లో నిలబడి ఆ మాటలు రాసిన పిల్ల నాకు కనపడుతూనే ఉంది. జవాబులో నేను రాయాల్సింది ఒకటుంది. ఆ మనిషిని గుమ్మం ముందు ఆపింది దీపం కాదని, భయమని, నేను సౌండు గుండీ తిప్పడానికి భయపడ్డట్టే అతనూ తలుపు తట్టడానికి భయపడ్డాడని నాకు అనిపించేది. అది రాయలేదు. పరీక్ష పాసయ్యానని, టీచర్ ట్రైనింగ్‌కు దరఖాస్తు పెట్టానని, వానలు పడ్డాయని రాశాను. తర్వాత తనొక ఉత్తరం, నేనొక ఉత్తరం. తర్వాత ట్రైనింగ్ హాస్టలు, అడ్రసులు మారడం. మామయ్య కాలం చేశాక షాపు కూడా చేతులు మారింది.

ట్రైనింగ్ పూర్తయి నాకు వెల్దుర్తి వైపు ఒక ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. చేరడానికి మాచర్ల మీదుగానే పోవాలి. చేతిలో ట్రంకుపెట్టె, మనసులో ఒకటే ఆశ. బస్టాండులో పెట్టెను టీకొట్టు ఆమెకు అప్పగించి, మోటార్ వైండింగ్ షాపులు ఎక్కడున్నాయో అడుగుతూ తిరిగాను. మూడో వీధిలో దొరికింది. షాపుకు తాళం. పక్కింటి ఆమె బియ్యం చెరుగుతూ కూర్చుంది.

“వాళ్ళు లేరమ్మా. ఏరవతలికి పోయి ఆర్నెల్లయింది. మిర్యాలగూడ. ఆడ మిల్లులు చానా ఉన్నయ్యంట, పని బాగా దొరికిద్దంట. నువ్వేమవుతావు?”

“కలిసి చదువుకున్నాం” అన్నాను.

“ఆ పిల్ల దగ్గర మా వీధోళ్ళందరం మోటార్లు చేయించుకున్నాం. మొగుడికంటే తనే బాగా చేసేది. ఒక పాప.” ఆమె లేచి నీళ్ళిచ్చింది. “పాప నడుస్తా ఉండేది అప్పటికే.”

“మిర్యాలగూడలో ఎక్కడ?”

“రైసుమిల్లు పక్కనే అన్నారమ్మా.”

మిర్యాలగూడలో రైసుమిల్లు పక్కన లేని ఇల్లు ఎక్కడుందో నాకు తెలియదు. అయినా ఆ అడ్రసుకే కార్డు రాశాను. పేరు, మోటార్ వైండింగ్ షాపు, రైసుమిల్లు పక్కన, మిర్యాలగూడ. నేను ఉన్న ఊరి పేరు, స్కూలు పేరు పెద్ద అక్షరాలతో రాశాను. మాచర్ల బస్టాండు బయటున్న ఎర్రడబ్బాలో వేసి, వెల్దుర్తి బస్సెక్కాను.

కార్డు తిరిగి రాలేదు. జవాబూ రాలేదు. మా స్కూలు ఊరి చివర, ఒకటే గది. పోస్టుమాన్ పన్నెండు దాటాక చెరువుకట్ట మీదుగా సైకిలు మీద వచ్చేవాడు. పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ, ఆ సైకిలు గంట వినపడగానే నేను మధ్యలో ఆగి గుమ్మం దాకా వెళ్ళేదాన్ని. పిల్లలకు అది అలవాటైపోయింది. నేను తిరిగొచ్చేదాకా ఏడో ఎక్కమే మళ్ళీ మళ్ళీ చెబుతుండేవాళ్ళు.